అత్తమ్మ తొలిసారి చూసే సముద్రం

ప్రశ్న: అక్కా, మేం బెంగళూరులో కె.ఆర్.పురం దగ్గర ఉంటాం. సొంతూరు కళ్యాణదుర్గం వైపు పల్లె. పాపకు క్రిస్మస్ సెలవులు. డిసెంబరు 24 రాత్రి బయలుదేరి 29 పొద్దున్నకల్లా తిరిగొచ్చేలా ఏదైనా బీచ్‌కు వెళ్దామనుకుంటున్నాం. నేను, మా ఆయన, ఏడేళ్ళ పాప, 67 ఏళ్ళ అత్తమ్మ. అత్తమ్మ ఇంతవరకు సముద్రం చూడలేదు. మోకాళ్ళ నొప్పులు, ఈ ఊరి చలికి ఇంకా ఎక్కువయ్యాయి. "కాస్త ఎండ తగిలే చోటికి తీసుకుపోండమ్మా" అంటోంది. మా ఆయన గోవా అంటాడు. ఆఫీసులో అందరూ గోకర్ణ అంటారు. చెన్నైలో ఉన్న ఆడపడుచేమో మా ఇంట్లో దిగి మహాబలిపురం చూడండి, లాడ్జి ఖర్చు కూడా ఉండదు అంటుంది. వీటన్నిటి మీద, పున్నమి, అమావాస్యల్లో తప్ప సముద్రాన్ని ముట్టుకోకూడదని అత్తమ్మ మాట. ఎటూ తేల్చుకోలేక టెన్షన్‌గా ఉంది. ఒక దారి చెప్పండి.
– ఒక చెల్లెలు, బెంగళూరు

సమాధానం:

చెల్లెమ్మా,

నీ ఉత్తరంలో చాలా ఊళ్ళ పేర్లున్నాయి కానీ, నా మనసు ఒక్క వాక్యం దగ్గరే ఆగిపోయింది. అత్తమ్మ ఇంతవరకు సముద్రం చూడలేదు. అరవై ఏడేళ్ళు చెరువు కట్టలు, బోరు నీళ్ళు, ఇసుక తేలిన పెన్న చూసిన మనిషి. ఆమె తొలిసారి చూసే సముద్రం ఎలా ఉండాలో అనుకుని ఊరు ఎంచుకుందాం. పాపకు ముందు ముందు ఎన్నో సముద్రాలు వస్తాయి, మీ ఇద్దరికీ వస్తాయి.

ముందు జవాబు చెప్పేస్తాను. ఈసారి పడమటి తీరంలోని ఉడుపి వైపు వెళ్ళండి. అక్కడి పడుబిద్రి బీచ్ దగ్గరో, మల్పే బీచ్ దగ్గరో ఒక్కచోటే గది తీసుకుని ఉన్నన్ని రోజులూ అక్కడే ఉండండి. చెన్నై మానొద్దు, జనవరి చివరికో ఫిబ్రవరికో జరుపుకోండి. గోవా మీ ఇద్దరూ ఇంకోసారి వెళ్ళండి.

ఎందుకో చెప్తాను. మనం బెంగళూరులో ఉండే అదృష్టం ఏమిటంటే అటు మంగళూరైనా ఇటు చెన్నై అయినా దాదాపు 350 కిలోమీటర్లే. రెండు సముద్రాలూ ఒక రాత్రి ప్రయాణం. కానీ రెండింటికీ వానకాలం ఒకటి కాదు. పడమటి తీరంలో నైరుతి రుతుపవనాలు జూన్ నుంచి సెప్టెంబరు దాకా కురిసి వెళ్ళిపోతాయి. డిసెంబరుకు అక్కడ ఆకాశం కడిగినట్టు ఉంటుంది. చెన్నై, పుదుచ్చేరి, మన నెల్లూరు వైపు అసలు వానలు ఈశాన్య రుతుపవనాలతో అక్టోబరు నుంచి డిసెంబరు దాకా పడతాయి. తుపాన్లు ఎక్కువగా వచ్చేదీ అప్పుడే. 2016లో వర్దా డిసెంబరు 12న చెన్నై దగ్గరే తీరం దాటింది. 2023లో మిచౌంగ్ చెన్నైని నీళ్ళలో ముంచి డిసెంబరు 5న బాపట్ల దగ్గర తీరం దాటింది. 2024లో ఫెంగల్ నవంబరు 30న పుదుచ్చేరి దగ్గర దాటింది. నెలాఖరుకు చాలా ఏళ్ళలో వానలు తగ్గుముఖం పడతాయి, నిజమే. అయినా ఎండ కోసమే బయలుదేరేవాళ్ళు ఆ నెలలో ఆ తీరానికి వెళ్తే అదృష్టం మీద ఆధారపడాల్సిందే.

ఇంత గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. మా అమ్మది మదనపల్లె. చాలా ఏళ్ళ కిందట ఆమెకు సముద్రం చూపించాలని డిసెంబరు మొదటి వారంలో తూర్పు తీరానికి తీసుకెళ్ళాను. ఫొటోలో కిటికీ నిండా సముద్రం కనిపించిన లాడ్జి చూసి బుక్ చేశాను. తీరా వెళ్తే గది రెండో అంతస్తులో, లిఫ్టు లేదు. మూడు రోజులూ ఆగకుండా ముసురు. అమ్మ మెట్లు దిగలేక ఆ కిటికీ దగ్గరే కూర్చుని బూడిదరంగు నీళ్ళను చూసింది. "నీళ్ళ కంటే చప్పుడే ఎక్కువుందే" అంది, అంతే. తిరిగొచ్చే బస్సులో ఆమె మొహం చూడలేకపోయాను. అది ఏ నెల, మెట్లు ఎన్ని అని రెండు మాటలు ముందే అడిగి ఉంటే సరిపోయేది.

మరుసటి ఏడాది జనవరిలో మల్పే తీసుకెళ్ళాను. తడి ఇసుక మీద ఇద్దరం చేతులు పట్టుకుని నిలబడ్డాం. అమ్మ చీర కుచ్చిళ్ళు పైకి దోపుకుంది. మొదటి అల వచ్చి చీలమండల దాకా తడిపి, వెనక్కి పోతూ పోతూ మడమల కింది ఇసుకను లాక్కుపోయింది. అమ్మ నా మోచెయ్యి గట్టిగా పట్టుకుని "భూమి నడుస్తోందే" అంది. కళ్ళు తిరిగాయి పాపం. తొలిసారి నిలబడే పెద్దవాళ్ళకు ఇది తప్పకుండా అవుతుంది, నువ్వు సిద్ధంగా ఉండాలి. వెనక్కి పోయే నీళ్ళను చూస్తే మనమే జరిగిపోతున్నట్టు అనిపిస్తుంది. పాదాల వైపు చూడొద్దని, దూరంగా పడవ వైపో ఆకాశం సముద్రం కలిసే గీత వైపో చూడమని అత్తమ్మకు ముందే చెప్పు. నువ్వొక పక్క, మీ ఆయన ఒక పక్క నిలబడండి. రెండు మూడు అలలు పోయాక ఆమే ధైర్యంగా నవ్వుతుంది.

ఆ తర్వాత కుర్చీ సంగతి. నడవలేని పెద్దవాళ్ళను ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి అలల్లో పెట్టేవాళ్ళను చూస్తుంటాను. అల వెనక్కి పోయినప్పుడల్లా కుర్చీ కాళ్ళ కింద ఇసుక జారి ఒక పక్కకు ఒరిగిపోతుంది. కింద పడితే మోకాళ్ళ నొప్పులున్న మనిషికి లేవడం ఎంత కష్టమో నీకు తెలుసు. కుర్చీని నీళ్ళు అందని గట్టి ఇసుక మీద వెయ్యి. నీళ్ళలో నాలుగు నిమిషాలు మీ ఇద్దరి చేతులూ పట్టుకుని నిలబడటం, మళ్ళీ వచ్చి కుర్చీలో కూర్చోవడం, ఇలా నాలుగైదు సార్లు చేస్తే చాలు. ఇంకో మాట, నొప్పులున్న కాళ్ళకు ఎండిన మెత్తటి ఇసుకలో నడవడం నరకం. నీళ్ళ అంచున తడిసి గట్టిపడిన ఇసుక మీద నడక తేలిక. రోడ్డు నుంచి ఆ గట్టి ఇసుక దాకా ఎంత దూరం ఉందన్నదే మీకు అసలు లెక్క.

ఈ లెక్కతోనే పడుబిద్రి చెప్పాను. ఉడుపి నుంచి మంగళూరు వెళ్ళే హైవే మీద, ఉడుపికి సుమారు 25 కిలోమీటర్లు. 2020 అక్టోబరులో మన దేశంలో మొదటిసారి బ్లూ ఫ్లాగ్ గుర్తింపు వచ్చిన ఎనిమిది బీచ్‌లలో ఇదొకటి. కర్ణాటకలోనే హొన్నావర దగ్గరి కాసరకోడు, మన విశాఖ రుషికొండ కూడా ఆ జాబితాలోనే ఉన్నాయి. డెన్మార్క్‌లోని ఒక పర్యావరణ సంస్థ ఇచ్చే గుర్తింపు ఇది. నీటి శుభ్రత, టాయిలెట్లు, బట్టలు మార్చుకునే గదులు, లైఫ్‌గార్డులు, నడవలేనివాళ్ళు వెళ్ళే దారి, ఇవన్నీ చూసి ఇస్తారు. నీ ఇంట్లో ముసలమ్మ, పసిపిల్ల ఇద్దరూ ఉన్నారు కాబట్టి శుభ్రమైన టాయిలెట్ దగ్గర్లో ఉండటం సూర్యాస్తమయం కంటే ముఖ్యం. వీల్‌చైర్ ఆ రోజు దొరుకుతుందా అని మాత్రం ముందు ఫోన్ చేసి కనుక్కో.

ఎండ గురించి కూడా ఒక విషయం చెప్పాలి, దీన్ని చాలామంది పట్టించుకోరు. తూర్పు తీరంలో సూర్యుడు సముద్రంలోంచి లేస్తాడు, తెల్లారిన కాసేపటికే ఎండ నేరుగా మొహం మీద కొడుతుంది. పడమటి తీరంలో సూర్యుడు వెనక కొబ్బరి తోటల మీదుగా వస్తాడు. అందుకే పొద్దున ఎనిమిది, తొమ్మిది దాకా బీచ్ మీద లేత ఎండ, మధ్య మధ్య చెట్ల నీడ. అత్తమ్మ మోకాళ్ళకు కావలసింది ఆ ఎండే. పదకొండు నుంచి మూడున్నర దాకా గదిలో పడుకోండి, డిసెంబరైనా అక్కడ మధ్యాహ్నం ఉక్కపోస్తుంది, 32 డిగ్రీల దాకా వెళ్తుంది. మళ్ళీ నాలుగు తర్వాత వెళ్తే, ఆరు దాటాక సూర్యుడు ఎర్రటి ముద్దలా నీళ్ళలోకి దిగిపోవడం చూడొచ్చు. రోజూ పొద్దునే సూర్యుడికి దణ్ణం పెట్టుకునే తరం వాళ్ళది. ఆయన నీళ్ళలో మునగడం చూస్తే ఆమె ఏమంటుందో నాకు రాయి.

గోకర్ణ వద్దనడానికి మెట్లే కారణం. ఓం బీచ్‌కు పైనుంచి దిగి వెళ్ళాలి, కుడ్లే బీచ్‌కూ అంతే. కుర్రవాళ్ళకు అదే సరదా, అందుకే ఆఫీసులో వాళ్ళు చెప్తారు. గోవాలో దక్షిణం వైపు కోల్వా, బెనౌలిం లాంటి చదునైన తీరాలున్నాయి, తీసిపారేసే ఊరు కాదు. కానీ క్రిస్మస్ నుంచి కొత్త సంవత్సరం దాకా అక్కడ గదుల ధరలు, జనం, రాత్రంతా మైకులు అత్తమ్మతో అయ్యే పని కాదు. పుదుచ్చేరిలో ఊరి ముందున్న తీరం చాలావరకు బండరాళ్ళు, కాళ్ళు తడుపుకోవడానికి వీలు తక్కువ. అందుకే దాన్ని లెక్కలోకి తీసుకోలేదు.

ఇప్పుడు భయం గురించి మాట్లాడాలి. ఇది చదివి ప్రయాణం మానుకోవద్దు, కానీ మీ ఆయనతో కూడా చదివించు. 2024 డిసెంబరులో కోలారు జిల్లా నుంచి విహారయాత్రకు వచ్చిన బడిపిల్లలు నలుగురు మురుడేశ్వర్‌లో నీళ్ళలో కొట్టుకుపోయి చనిపోయారు. అది వానకాలం కాదు, తుపాను రోజూ కాదు. సముద్రం లోపలికి లాగే ప్రవాహం పైకి కనబడదు. వరసగా అలలు విరుగుతుంటే మధ్యలో ఒక పట్టీలా నీళ్ళు నిమ్మళంగా, కాస్త ముదురు రంగులో ఉంటాయి. తెలియనివాళ్ళు "ఇక్కడ అల లేదు, దిగుదాం" అని సరిగ్గా అక్కడే దిగుతారు. ఒడ్డుకు వచ్చిన నీళ్ళన్నీ మళ్ళీ లోపలికి పోయే దారి అదే. అందులో చిక్కితే ఒడ్డు వైపు ఈది అలసిపోకూడదు. ఒడ్డుకు సమాంతరంగా పక్కకు జరిగితే ఆ పట్టీ దాటిపోతుంది, అప్పుడు ఒడ్డుకు రావచ్చు. పడుబిద్రిలో ఒక పక్క ఏరు వచ్చి సముద్రంలో కలుస్తుంది. చూడటానికి అందమైన చోటే, కానీ ఏ ఏటి మొగ దగ్గరైనా పోటు తగ్గే వేళ నీళ్ళు జోరుగా సముద్రంలోకి లాగుతాయి. పాపను అటు పోనివ్వొద్దు. లైఫ్‌గార్డు ఉన్న చోట, వాళ్ళు పాతిన జెండాల మధ్యే ఆడించండి.

పాపకు నీళ్ళ బట్టలు కొనేటప్పుడు నీలం, తెలుపు వద్దు. నీళ్ళలో అవి కలిసిపోతాయి. కాషాయమో, కొట్టొచ్చినట్టు కనబడే ఎరుపో తీసుకో. మోకాలి లోతు దాటి వద్దు, ఎప్పుడూ మీలో ఒకరు చెయ్యి అందేంత దగ్గర ఉండండి. ఆ సమయంలో ఫొటోలు తీయడం ఇంకొకరి పని. బయలుదేరే ముందు రోజు హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ సంస్థ ఆ తీరానికి పెద్ద అలల హెచ్చరిక ఏమైనా ఇచ్చిందేమో చూసుకోండి. జాలర్ల కోసం ఇచ్చే హెచ్చరికలే అవి, మనకూ పనికొస్తాయి.

అత్తమ్మ చెప్పిన పర్వదినాల మాటకు వద్దాం. "ముసలమ్మ చాదస్తం" అని ఎవరైనా అంటే ఒప్పుకోవద్దు. రావిచెట్టును శనివారం, సముద్రాన్ని పర్వాల్లో ముట్టుకోవాలని మన పెద్దలు తరతరాలుగా పాటిస్తున్నారు, అందులో సముద్రమంటే ఉన్న భయభక్తులు నాకు గౌరవంగానే కనిపిస్తాయి. కానీ చిక్కేమిటంటే పున్నమికి, అమావాస్యకే పోటు ఎక్కువ. సూర్యుడు, చంద్రుడు ఒకే వరసలో లాగుతారు కాబట్టి ఆ రోజుల్లో నీళ్ళు మామూలు కంటే పైదాకా వస్తాయి, అంతే జోరుగా వెనక్కీ పోతాయి. మోకాళ్ళు బలంగా లేని మనిషి మునిగే రోజులు కావవి. అందుకని ఇలా చెయ్యి. ఈ ప్రయాణంలో అత్తమ్మను స్నానం చెయ్యమని బలవంతం చేయొద్దు, దణ్ణం పెట్టుకుని నెత్తిన నాలుగు చుక్కలు చల్లుకోవడానికి ఒప్పుకుంటుందేమో మెల్లగా అడుగు. అల వచ్చి పాదాలు తడిపితే అది సముద్రమే వచ్చి ముట్టుకోవడం కదా అని మా అమ్మకు నేను చెప్పాను, ఆమె ఒప్పుకుంది. మీ అత్తమ్మ ఒప్పుకోకపోతే కుర్చీలోంచే చూడనివ్వు, అదీ తక్కువేం కాదు. పర్వ స్నానం ముచ్చట చెన్నైలో తీరుతుంది.

మాఘ పున్నమికి అటూ ఇటూగా చెన్నై పెట్టుకోండి. వానలు వెళ్ళిపోయి ఉంటాయి, వేసవి ఇంకా మొదలవదు. ఆడపడుచు ఇంట్లో నాలుగు రోజులు కూతురి దగ్గర ఉన్నట్టు అత్తమ్మకూ సంతోషం. మెరీనాలో స్నానాలు నిషేధం, లోపల లాగుడు ఎక్కువ. అయితే నడవలేనివాళ్ళ కోసం ఇసుక మీదుగా నీళ్ళ దగ్గరి దాకా చెక్క దారి వేశారు, 2022 నవంబరులో మొదలైంది. వీల్‌చైర్‌లో కూర్చోబెట్టి తీసుకెళ్ళొచ్చు. పున్నమి పొద్దున ఇంటి నుంచి ఒక ఇత్తడి చెంబు పట్టుకెళ్ళండి. మీ ఆయన అంచు దగ్గర నీళ్ళు ముంచుకొచ్చి తల్లి నెత్తిన పోస్తే స్నానం అయినట్టే. మహాబలిపురంలో తీరాలయాన్ని ఎనిమిదో శతాబ్దంలో పల్లవులు కట్టించారు. అక్కడ రాయిని, సముద్రాన్ని చూసి రండి, నీళ్ళలోకి మాత్రం దిగకండి. దారిలో కోవళం ఉంది, దానికి 2021లో బ్లూ ఫ్లాగ్ వచ్చింది. పాప ఆట అక్కడ.

ఉడుపి ప్రయాణానికి రైలే మేలు. బెంగళూరు నుంచి కార్వార్ వెళ్ళే పంచగంగ ఎక్స్‌ప్రెస్ సాయంత్రం ఎక్కితే తెల్లారేసరికి ఉడుపి దగ్గరికి చేరుస్తుంది. కారులో అయితే సకలేశపుర దాటాక శిరాడి ఘాట్ మలుపులు, పాపకు వాంతులు, అత్తమ్మకు కాళ్ళు ముడుచుకుని ఎనిమిది గంటలు. టికెట్లు 60 రోజుల ముందు తెరుస్తారు కాబట్టి డిసెంబరు 24 రైలుకు అక్టోబరు 25న పొద్దున ఎనిమిదికే కూర్చోవాలి. తిరుగు టికెట్ కూడా అదే పట్టుదలతో తియ్యి. అత్తమ్మకు లోయర్ బెర్త్ అడగడం మర్చిపోవద్దు.

అక్కడ ఉన్న మూడు నాలుగు రోజులు ఊళ్ళన్నీ తిరిగేయాలని చూడొద్దు. ఒక పొద్దున ఉడుపి కృష్ణుడి దర్శనం చాలు. గుళ్ళోని తొమ్మిది రంధ్రాల వెండి కిటికీలోంచి స్వామిని చూస్తారు, అక్కడే అన్నప్రసాదం. మల్పే నుంచి పడవలో సెయింట్ మేరీస్ ద్వీపం వెళ్ళొచ్చు. సుమారు 8.8 కోట్ల ఏళ్ళ కిందట లావా గడ్డకట్టి స్తంభాల్లా నిలబడిన రాళ్ళు అక్కడున్నాయి, పాపకు జీవితాంతం గుర్తుంటాయి. పడవ ఎక్కడం దిగడం అత్తమ్మకు కష్టం. మీలో ఒకరు ఆమెతో ఒడ్డున ఉండండి. మీ ఆయన చేపలు తినేవాడైతే నీరుదోసె, అంజల్ చేప వేపుడు దొరుకుతాయి, గోవా బెంగ తీరుతుంది. అత్తమ్మకు అక్కడి కూరల్లో కారం చాలదు, అన్నం కూడా లావు బియ్యంతో ఉంటుంది. పప్పుల పొడి, ఒక సీసా ఊరగాయ పెట్టుకో.

ఓపిక ఉంటే ఒక్క రోజు మురుడేశ్వర్, ఉడుపికి సుమారు 100 కిలోమీటర్లు. 237 అడుగుల రాజగోపురానికి లిఫ్టు ఉంది. మెట్లు ఎక్కకుండా పైకెళ్ళి మూడు వైపులా సముద్రాన్ని, పక్కనే 123 అడుగుల శివుణ్ణి చూడొచ్చు. మోకాళ్ళ నొప్పులున్న మనిషికి ఇంత ఎత్తు నుంచి సముద్రం చూపించే చోటు మన దగ్గర్లో నాకు ఇంకోటి తెలియదు. సెలవుల్లో క్యూ పెద్దది, పొద్దునే వెళ్ళండి. అక్కడ నీళ్ళ జోలికి వద్దు.

గది బుక్ చేసే ముందు ఫోన్ చెయ్యి, ఫొటోలు నమ్మొద్దు. గది కింద అంతస్తులోనేనా? గదిలోంచి ఇసుక దాకా మెట్లెన్ని? టాయిలెట్ వెస్ట్రన్‌దేనా, పక్కన పట్టుకోవడానికి ఏమైనా ఉందా? చేపల రేవు ఎంత దూరం? మల్పే పెద్ద రేవు, గాలి ఇటు తిరిగితే రాత్రి నిద్ర పట్టదు. నీకు కన్నడం వచ్చే ఉంటుంది కదా, గది తలుపు దగ్గర్నుంచి బీచ్ దాకా నడుస్తూ ఒక వీడియో తీసి పంపమని అడుగు. మంచివాళ్ళు పంపుతారు. పంపకుండా "రండి మేడం, చూసుకుందాం" అనేవాళ్ళను వదిలేసి ఇంకో నంబరుకు ఫోన్ చెయ్యి.

అక్టోబరు 25న టికెట్లు దొరక్కపోతే వెంటనే రాయి, కారులో ఎక్కడెక్కడ ఆగుతూ వెళ్తే అత్తమ్మకు సుఖంగా ఉంటుందో రాసి పంపుతాను.